వచ్చేశాడని రాయించిన మనిషి

నీళ్ళు వదిలే రోజు కావడంతో హేమమాలిని ఐదింటికే లేచింది. ఆ దీవిలో, ఓడల జెట్టీ పక్కనున్న హాడోలో, ఆ వరస ఇళ్ళకి రోజు విడిచి రోజు ఒక్క గంట నీళ్ళొస్తాయి. ఆ గంట కాస్తా నిద్రపోయినవాళ్ళు మర్నాడంతా పక్కింటి గుమ్మంలో బిందె పట్టుకుని పళ్ళికిలించాల్సిందే. డ్రమ్ము నింపింది, బకెట్లు నింపింది, చెంబులూ గిన్నెలూ కూడా నింపి పెట్టింది. చేతులు పని చేస్తున్నాయి గానీ బుర్ర అక్కడ లేదు. పదకొండు గంటలకి డెలానీపూర్‌లో వకీలు అరుణకుమారి గారిని కలవాలి. ఆవిడని కలవడం ఇదే మొదటిసారి. ఈ ఒక్క పనీ సవ్యంగా జరిగితే తను ఎవరో, ఏమిటో తేలుతుంది.

అవును, ముప్ఫయ్యొక్కేళ్ళ ఆడదానికి తను పెళ్ళామో, విధవో ఈనాటికీ తెలీదు. పెళ్ళైన ఎనిమిది నెలలకి మొగుడు లోకేష్ బోటు ఇంజను బాగు చెయ్యడానికి ఇంకో దీవిలోని హట్‌బే వెళ్ళాడు. క్రిస్మస్ మర్నాడు సునామీ వచ్చింది. ఎనిమిదేళ్ళయింది. మనిషీ రాలేదు, శవమూ రాలేదు.

పోనీ, తప్పిపోయినవాళ్ళ లెక్కలోనైనా ఉన్నాడా అంటే అదీ లేదు. ఆ రోజుల్లో బతికి బయటపడ్డవాళ్ళని ఓడల్లో ఎక్కించి హాడో జెట్టీకి తెస్తుంటే, ఊరు ఊరంతా అక్కడే పడి ఉండేది. రానివాళ్ళ పేర్లు రాసుకోవడానికి బల్ల వేసుకుని ఒక గుమాస్తా కూర్చునేవాడు. హేమమాలిని వరసలో నిలబడి మొగుడి పేరు రాయించింది. రెండు రోజుల తర్వాత అత్తగారు చిన్నమ్మి అదే బల్ల దగ్గరికి వెళ్ళి, "మావోడు వచ్చీసినాడు బాబూ, ఆ పేరు తీసీ" అంది. పాపం, ఆ గుమాస్తా నిద్రలేక కళ్ళు వాచి ఉన్నాడు. ఒకడైనా వచ్చాడు కదా అని సంతోషంగా కొట్టేశాడు. బతికున్నవాడి పేరు చచ్చినవాళ్ళ పక్కన రాయిస్తే ఆయుష్షు తగ్గిపోతుందట. అందుకే తీయించానని ముసలమ్మ తర్వాత చెప్పుకుంది.

ఈ ఘనకార్యం హేమమాలినికి తెలిసేసరికి ఏడాది దాటింది. అప్పట్నుంచీ ఏ ఆఫీసుకి వెళ్ళినా ఒకటే మాట. "మీ ఆయన తిరిగొచ్చాడని ఉంది కదా బెహన్‌జీ!" అత్తగారిని బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. ఆఫీసుకొచ్చి తప్పు చెప్పానని ఒక్క మాట చెప్పమంటే ఆవిడ గోడ వైపు తిరిగి పడుకునేది.

కిందటేడు రిజిస్ట్రారు ఆఫీసులో జరిగిన అవమానం మరీ దారుణం. హేమమాలిని నర్సరీ పిల్లలకి పాఠాలు చెప్పే స్కూల్లోనే లెక్కల మాస్టారు గోపీనాథ్. చౌల్దారీ ఊరివాళ్ళ అబ్బాయి. నెమ్మదైనవాడు. నీకిష్టమైతే పెళ్ళి చేసుకుందామని సూటిగా అడిగాడు. ఇష్టమే. ఎన్నాళ్ళ తర్వాతో ఒకడు తనని చూసి జాలి పడకుండా మాట్లాడాడు, ఇష్టం ఉండదా? ఇద్దరూ వెళ్ళి అడిగితే అక్కడి మనిషి నవ్వేశాడు. మొగుడు బతికుండగా ఇంకో పెళ్ళేమిటి, ముందు విడాకులు తెచ్చుకోమన్నాడు. సముద్రంలో పోయినవాడి దగ్గర విడాకులు ఎలా తెచ్చుకుంటారో ఆ మహానుభావుడికే తెలియాలి. గోపీనాథ్ ఓపిక పట్టాడు గానీ వాళ్ళమ్మ పట్టలేదు. ఈ వానలు వెళ్ళేలోగా తేలకపోతే వేరే సంబంధం ఖాయం చేస్తానంది. వానలు అప్పుడే తగ్గుముఖం పట్టాయి.

"ఒలే, ఇడ్లీలు సల్లారిపోతన్నాయి. తిని ఎల్లు" అంది చిన్నమ్మి వంటింట్లోంచి.

"వెళ్ళేది నేనొక్కదాన్నే కాదు అత్తమ్మా. మీరూ వస్తున్నారు."

"నానెందుకే? నాకు కోర్టులూ కచేరీలూ ఏటి తెలుసు?"

"రాత్రి ఒప్పుకున్నారు."

"రాత్రి నిద్రమత్తులో ఊఁ అన్నాను. అదో మాటా?"

హేమమాలిని పళ్ళు బిగబట్టింది. ఇవాళ ఈవిడతో గొడవ పడకూడదని రాత్రంతా తనకి తాను చెప్పుకుంది. ముసలమ్మ సంగతి తెలిసిందే, కోపం చేస్తే మొండికేస్తుంది, మంచిగా అడిగితే చెముడు తెచ్చుకుంటుంది. సగం ఇడ్లీ తిని పళ్ళెం పక్కన పెట్టేసింది.

ఏడున్నరకి తమ్ముడు ప్రవీణ్‌కుమార్ స్కూటర్ మీద దిగాడు. ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చాడు. ఆ వకీలుని వెతికి మాట్లాడింది వాడే. వస్తూనే మంచం మీద కాయితాలన్నీ పరిచాడు. రేషన్‌కార్డు, లోకేష్ స్కూలు సర్టిఫికెట్టు, ఓటరు కార్డు, పెళ్ళి ఫొటో. ఒక్కొక్కటీ చూసి ప్లాస్టిక్ సంచిలో పెట్టాడు.

"కాగజ్ అంతా ఠీక్ ఉందక్కా. కానీ మేడం ఫోన్లో ఒకటే చెప్పింది. ఏడేళ్ళు దాటింది కాబట్టి దారి ఉందట. కబురు తెలియాల్సినవాళ్ళకే కబురు లేదని రుజువవ్వాలి. బతికుంటే ముందు ఎవరికి కబురు పెడతాడు? అమ్మకి. ఆ అమ్మ కాస్తా వచ్చాడని రాయించి కూర్చుంది. అందుకని ఈవిడే నోరు విప్పి చెప్పాలి. లేకపోతే మేడం కేసు తీసుకోదు."

"ఇంటన్నాను, ఇంటన్నాను. 'ఈవిడ' అంటన్నావు, నాకేటి పేరు లేదా?" అంది చిన్నమ్మి గుమ్మంలోంచి.

"సారీ అత్తమ్మా. రండి, ఇలా కూర్చోండి. అక్కడికెళ్ళాక తడబడకుండా ఇక్కడే ఒకసారి చెప్పుకుందాం. నేను వకీలుని అనుకోండి."

"నువ్వు వకీలువైతే ఈ ఊళ్ళో కోర్టు మూసీసుకోవాల."

అంత కంగారులోనూ హేమమాలినికి నవ్వొచ్చింది. ముసలమ్మ కూడా కాస్త మెత్తబడి పీట మీద కూర్చుంది. ప్రవీణ్ తువ్వాలు భుజం మీద వేసుకుని గొంతు సవరించుకున్నాడు.

"మీ పేరు?"

"తెలీదేటి? చిన్నమ్మి."

"భర్త పేరు?"

"అప్పలకొండ. పోయినాడు."

"ఎప్పుడు?"

"నాకు ఇరవై రెండేళ్ళప్పుడు. బోటు తిరగబడి. లోకేష్ ఇంకా పాలు తాగతన్నాడు."

"వాహ్! చూశావా అక్కా, ఎంత చక్కగా చెప్తోందో. మీ అబ్బాయి లోకేష్ ఇప్పుడు ఎక్కడున్నాడు?"

చిన్నమ్మి చీర కొంగు సర్దుకుంది. "హట్‌బే ఎల్లినాడు."

"అది ఎనిమిదేళ్ళ కిందట. ఇప్పుడు?"

"వస్తాడు."

"అరే అత్తమ్మా! వస్తాడంటే కేసు అక్కడే గోవిందా. మళ్ళీ అడుగుతాను. మీ అబ్బాయి దగ్గర్నుంచి కబురేమైనా వచ్చిందా?"

ముసలమ్మ పొయ్యి మీది పాల వైపు చూసింది. వాడు మళ్ళీ అడిగాడు. ఆవిడ పీట మీంచి లేవబోయింది. అప్పుడు హేమమాలిని వచ్చి ఆవిడ ముందు చతికిలబడి, రెండు మోకాళ్ళూ పట్టుకుంది.

"అత్తమ్మా, ఒక్క మాట వినండి. చచ్చిపోయాడని మిమ్మల్ని అనమనడం లేదు. ఆ మాట కోర్టే అంటుంది. కబురు లేదు, అంతే. ఈ రెండు ముక్కలూ మీ నోటితో అనండి చాలు. నా బతుకు మీ నోట్లో ఉంది."

"అదే అనలేనే."

"ఎందుకనలేరు?"

"పెమానం చేయిస్తారు కదే. దేవుడి మీద చెయ్యేసి కబురు లేదని అబద్ధం ఎలాగ ఆడతాను?"

ప్రవీణ్ భుజం మీంచి తువ్వాలు జారిపోయింది. హేమమాలిని పట్టుకున్న మోకాళ్ళు వదిలేసింది. బతికున్నాడా? ఎక్కడో ఉన్నాడా? ఒక్క లిప్తపాటు ఒళ్ళంతా ఝల్లుమంది. అది సంతోషమో భయమో ఆమెకి తెలియలేదు. ఎనిమిదేళ్ళ కిందటైతే సంతోషమే అయ్యేది. గోపీనాథ్ మొహం కళ్ళ ముందు కదలగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

"కబురుందా? ఎక్కడున్నాడు? చెప్పండి అత్తమ్మా, ఎక్కడున్నాడు?"

"లేడే" అంది చిన్నమ్మి.

"ఇప్పుడే కదా కబురుందన్నారు?"

"లేడనే కబురు." ముసలమ్మ నేల చూపులు చూస్తూ చెప్పింది. "పోలిరాజు సెప్పినాడు. జెట్టీ కాడ."

పోలిరాజు లోకేష్‌తో కలిసి హట్‌బే వెళ్ళిన కుర్రాడు. నాలుగో రోజు విరిగిన కాలుతో ఓడ దిగాడు. హేమమాలిని అడిగితే మొదటి అలకే విడిపోయామన్నాడు. నెల తిరక్కుండానే సిక్కోలు వెళ్ళిపోయాడు, మళ్ళీ ఈ దీవుల మొహం చూడలేదు. ఆ రోజు ఓడ దిగుతున్నవాళ్ళలో మొగుడిని వెతుక్కుంటూ హేమమాలిని జెట్టీ ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తింది. ఆ సమయంలోనే చిన్నమ్మి వాడిని పట్టుకుని అడిగిందన్నమాట.

"ఇద్దరూ గట్టు ఎక్కీసినారట. మొదటి అల పోయాక మావోడు మళ్ళీ కిందకి దిగినాడట. పాడైనదాని బదులు అరువు తెచ్చిన ఇంజను, అది పోతే ఏటి సెప్పుకుంటామని. రెండో అల వొచ్చింది. పోలిరాజు కళ్ళారా చూసినాడు. ఇంజను పట్టుకునే పోయినాడట. నీకు సెప్పొద్దని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. ఎంటనే ఎల్లి ఆ బల్ల కాడ పేరు కొట్టించీసినాను."

వంటింట్లో పాలు పొంగి స్టవ్ మీద పడుతున్న చప్పుడు. ఎవరూ కదల్లేదు. చివరికి ప్రవీణే వెళ్ళి గ్యాస్ కట్టేశాడు.

"అంటే మీకు తెలుసు" అంది హేమమాలిని. "నాలుగో రోజు నుంచీ తెలుసు. ఏటా నా చేత నోములు చేయించారు. ఉపవాసాలుంచారు. చచ్చిపోయినవాడి ఆయుష్షు కోసమా?"

"హేమా..."

"రాత్రిళ్ళు గేటు చప్పుడైతే లేచి వెళ్ళి తలుపు తీసేదాన్ని. మీరు పక్క మంచం మీదే పడుకునేవారు. మెలకువగానే ఉన్నారా?"

"ఉన్నాను."

"ఎవరూ లేరని తెలుసు కదా! ఒక్కసారి, ఒక్కసారైనా, పడుకోవే అని అనలేకపోయారా?"

చిన్నమ్మి రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత తీసేసింది. కన్నీళ్ళు లేవు, మొహం మాత్రం మండిపోతోంది.

"నీకేటి తెలుసే? నాకు ఏటి సేసినారో నీకేటి తెలుసు? పదో రోజున పీట మీద కూకోబెట్టినారు. సేతుల నిండా గాజులేసినారు, తల నిండా పువ్వులెట్టినారు, మొహమంతా పసుపు రాసినారు. పెళ్ళికూతుర్ని సేసినట్టు సేసి, అవే గాజులు రాయితో కొట్టినారు. నా బొట్టు తుడిసింది ఎవలో కాదు, నాతో ఆడుకున్నదే. ఆ తర్వాత నాను ఎదురొస్తే గడప దాటేవోళ్ళు ఆగిపోయేవోళ్ళు. ఇరవై రెండేళ్ళే నాకు! నీకప్పుడు ఇరవై మూడు. జెట్టీ మీద నువ్వు సేతినిండా గాజుల్తో పరిగెడతంటే చూసినాను. నాను నోరు తెరిస్తే ఆ గాజులు పోతాయనుకున్నాను. కొడుకుని ఎలాగూ సముద్రం మింగీసింది. నిన్ను కూడా నా లాగ సెయ్యడం నా వల్ల కాలేదే."

ఆవిడ చెప్పింది అబద్ధం కాదని హేమమాలినికి తెలుస్తూనే ఉంది. అయినా కోపం చల్లారలేదు. ఈ వీధి ఆడవాళ్ళు తనకేం చేశారో ఈవిడ చూడలేదా? ఒకింట్లో ముత్తైదువని పిలిచి పసుపు రాసేవారు. పక్కింట్లో పేరంటమైతే, ఎందుకొచ్చిన అనుమానమని తనని దాటి వెళ్ళిపోయేవారు. అటూ కాక, ఇటూ కాక, నలుగురిలో నిలబడడమే శిక్ష అయిపోయింది.

"గాజులు మిగిల్చారు అత్తమ్మా. నన్ను మిగల్చలేదు. విధవనని తెలిస్తే ఏడ్చేదాన్ని. ఏడాది ఏడ్చేదాన్ని, రెండేళ్ళు ఏడ్చేదాన్ని. ఎప్పుడో ఒకనాడు లేచేదాన్ని కదా! మా అమ్మ బతికుండగా వచ్చి తీసుకెళ్తానంటే, మొగుడు వస్తే ఇంట్లో ఉండాలి కదా అని నేనే పంపించేశాను. మా అమ్మ ఆ బెంగతోనే పోయింది. దానికేం చెప్తారు?"

ముసలమ్మ జారిపడ్డ తువ్వాలు తీసి మడతపెట్టింది.

"అది కూడా ఉంది" అంది చివరికి, చిన్న గొంతుతో.

"ఏది?"

"మీ అమ్మ తీసుకుపోతాదని. లోకేష్ లేడని తెలిస్తే నువ్వు ఈ ఇంట్లో ఎందుకుంటావు? నాకు ఎవలున్నారు? గాజుల కోసమే అని నాకు నాను సెప్పుకున్నాను. సగం అదే. సగం ఇది. ఏ సగం పెద్దదో దేవుడికే తెలుసు."

"ఛీ!" అన్నాడు ప్రవీణ్. స్కూటర్ తాళాలు తీసుకున్నాడు. "అక్కా, నువ్వు బట్టలు సర్దుకో. ఈవిడ సాక్ష్యమూ వద్దు, ఏమీ వద్దు. ఇంకో నిమిషం నువ్వు ఈ ఇంట్లో ఉండక్కర్లేదు. ఛలో."

హేమమాలిని వాడి మాట వినిపించుకోలేదు. పెరట్లోకి వెళ్ళి నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చుంది. ఏడుపు అప్పుడొచ్చింది. ఎనిమిదేళ్ళలో ఆమె బెంగతో ఏడ్చింది, కోపంతో ఏడ్చింది, అవమానంతో ఏడ్చింది. మొగుడు పోయాడని మాత్రం ఒక్కసారీ ఏడవలేదు. వస్తాడేమోనన్నవాడి కోసం అలా ఏడవడం పాపం కదా! లోకేష్ ఆమెకి ఇప్పుడు చచ్చిపోయాడు. గట్టు దిగి అరువు ఇంజను కోసం వెళ్ళాడట, పిచ్చివాడు. ఒకరి సొమ్ము పాడవకూడదన్న ఆ బుద్ధి చూసే కదా ఇష్టపడింది. వాడి నవ్వు, వాడి చేతుల మీది గ్రీజు వాసన, ఒక్కటొక్కటే గుర్తొచ్చి గుండెలు బాదుకుని ఏడ్చింది. పక్కింటి అరుగు మీదకి ఎవరో వచ్చి చూశారు. చూడనీ అనుకుంది.

చిన్నమ్మి పెరటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. దగ్గరికి రావడానికి ధైర్యం చాలలేదు. అంత దూరం నుంచే తనూ ఏడ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని. ఒకరు కొడుకు కోసం, ఒకరు మొగుడి కోసం. ఎనిమిదేళ్ళ కిందట ఆ జెట్టీ మీద ఒకరినొకరు పట్టుకుని ఏడవాల్సిన ఏడుపు అది.

పది దాటింది. హేమమాలిని లేచి మొహం కడుక్కుని లోపలికొచ్చింది. చిన్నమ్మి అప్పటికే నేత చీర కట్టుకుని, ఓటరు కార్డు చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"నడు" అంది. "పోలిరాజు మాట సెప్తాను. కొట్టించిన సంగతీ సెప్తాను. వాడి ఊరు పలాస పక్కన, వాడి మేనమామ జోగులు ఫోను నంబరు నా కాడుంది. వాడొచ్చి సెప్పినా సరే, నన్ను జైల్లో ఎట్టినా సరే."

"అందరికీ తెలిసిపోతుంది. మరి ఇప్పుడు పదో రోజు చేయిస్తారా నాకు?" అంది హేమమాలిని చేదుగా.

ముసలమ్మ కళ్ళు చురుక్కుమన్నాయి. "ఎవలు సెయ్యి ఏస్తారో రానీ. ఆ సెయ్యి ఇరగ్గొడతాను. నీ గాజులు నువ్వు ఆ మాస్టారింటికి తీసుకెల్లాల."

హేమమాలిని ప్లాస్టిక్ సంచి చేతిలోకి తీసుకుంది. ప్రవీణ్ గొణుక్కుంటూనే వెళ్ళి ఆటో పిలిచాడు. ముగ్గురూ ఎక్కారు. తను ఈవిడని క్షమించిందా అని హేమమాలిని తనని తాను అడిగి చూసుకుంది. లేదు. ఇవాళ కాదు, రేపు కూడా కాదు. అయినా ఆటో మలుపు తిరిగినప్పుడల్లా ముసలమ్మ అటు పడిపోకుండా తను చెయ్యి అడ్డం పెడుతూనే ఉంది. ఆ చెయ్యి తను చెప్పకుండానే వెళ్తోంది.

అరుణకుమారి గారి ఆఫీసు మేడ మీద ఒక గది. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు పైకి తోసుకుని ముగ్గురినీ కూర్చోమంది. కాయితాలు తర్వాత చూస్తానని సంచి పక్కన పెట్టించింది. పెన్ను తీసుకుని, ముసలమ్మ వైపు తిరిగింది.

"ముందు మీరు చెప్పండమ్మా. ఈ అమ్మాయికి మీరు ఏమవుతారు?"

పొద్దుట పీట మీద వాళ్ళు అనుకున్న ప్రశ్నల్లో ఇది లేదు. చిన్నమ్మి కోడలి వైపు చూసింది. కొడుకు పోయాడన్న కాయితం వస్తే కోడలు కోడలు కాదు. రేపు చౌల్దారీలో ఇంకెవరికో కోడలు. తనకి ఈ లోకంలో ఏమీ కాదు.

"ఏటీ అవనమ్మా" అంది చిన్నమ్మి. "ఈ పిల్లకి అన్యాయం సేసినదాన్ని. అదే రాసుకో."

వకీలు పెన్ను ఆగిపోయింది. ప్రవీణ్ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. హేమమాలిని ఊరుకోవచ్చు. ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు, కాదనాల్సిన పనీ లేదు. కానీ పక్క కుర్చీలో ఆవిడ ఓటరు కార్డుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఎనిమిదేళ్ళు తనకి తెలిసిన చావుని ఒక్కతే కడుపులో మోసిన మనిషి ఇది. ఏడవడానికి కూడా లేకుండా మోసింది.

"అత్తగారు" అంది హేమమాలిని. "మా అత్తగారు. అలా రాయండి మేడం."

చిన్నమ్మి చెయ్యి తడుముకుంటూ వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. హేమమాలిని వెనక్కి తీసుకోలేదు.

"నా కొడుకు పోయినాడమ్మా" అంది చిన్నమ్మి. "సునామీలో పోయినాడు. రాలేదు, రాడు. వచ్చాడని అబద్ధం సెప్పింది నానే."

వకీలు తలొంచుకుని రాయడం మొదలుపెట్టింది.